రెండో కప్పులో చెంచా

తలుపు వేసిన చప్పుడు వింటే చాలు, ఇంటిబండి ఏ మార్కుదో, ఎన్ని వానలకు ఓరుస్తుందో, ఏ మూల ముందు కుళ్లుతుందో చెప్పేయగల మనిషి ఈ సముద్రపు కరకట్ట పొడవునా ఒక్కడే ఉన్నాడు. వాడు మా వెస్టర్‌జీల్ రేవు ఒన్నో. కళ్లకు గంతలు కట్టి నిలబెట్టండి, వాడి చెవి తప్పు చెప్పదు. ఈ మాట ఎవరి ముందయినా కుండ బద్దలు కొట్టి చెబుతాను. అంతటివాడు ఆ మధ్యాహ్నం, బయట వాన దంచికొడుతుంటే, తామ్మో బళ్ల దొడ్లో కొంగ మార్కు ఇంటిబండి వెనక మంచం మీద వెల్లకిలా పడుకుని, ముక్కుకి మూరెడు ఎత్తున ఉన్న తెల్లటి పైకప్పుని చూస్తూ పళ్లు నూరుతున్నాడు. వంటా పడకా చక్రాల మీదే నడిచిపోయే ఈ మోటారు కొంపల్లో ఒకదాన్ని కొందామని చలికాలం నుంచి తిరుగుతున్నాడు, ఇంతవరకు దేనికీ ఔనన్నది లేదు. "చెప్పులు కాలికి తొడుక్కుని చూడకుండా కొంటామా కెప్టెన్ గారూ, పరుపూ అంతే, హాయిగా పడుకుని చూడండి" అని తాళంచెవి ఒన్నో పెళ్లాం హిల్కె చేతిలో పెట్టి, గొడుగేసుకుని భోజనానికి పోయాడు తామ్మో. మా దగ్గర మధ్యాహ్నం భోజనం వేళ కొట్లన్నీ మూసేస్తారు, దేవుడే దిగొచ్చి బేరమాడినా తెరవరు. ఒన్నో కెప్టెనేమీ కాదు, దీవికి పోయే ఫెర్రీలో మోకు విసిరి, మోకు చుట్టి, టిక్కెట్లు చింపినవాడు. తామ్మో ఎత్తిపొడిచాడో మర్యాద చేశాడో తేలక ముందే, బుట్టలోంచి టీ సామాను తీస్తున్న హిల్కె వెనక్కి తిరక్కుండానే అంది. "వాడు తిని వచ్చేలోగా చెప్పు ఒన్నో. ఔనంటే ఔను. కాదంటే ఇక ఈ బళ్ల మాట మన ఇంట్లో వినపడదు. నేను మా అక్కతో కలిసి బస్సులో కొండలకి పోతాను. నువ్వు ఇక్కడే ఉండి కరకట్ట మీద గొర్రెల్ని కాసుకో."

గొర్రెల్ని కాసుకోవాలట, కాస్తాడు, గొర్రె నయం, గొర్రెకి మార్కు ఉండదు, బొచ్చులో చెయ్యి పెడితే తెలిసిపోతుంది మంచిదో కాదో, ఈ బండికి ఎక్కడ చెయ్యి పెట్టాలి, వాన చూడు ఎలా వాయిస్తోందో, డబ్బా మీద బఠాణీలు పోసినట్టు, ఇది వాన చప్పుడా పైకప్పు చప్పుడా, వాన అందరికీ ఒకటే కదా, మోగేది పైకప్పే, పల్చటి రేకు కాబట్టే ఇంతలా మోగుతోంది, లేక ఇవాళ వానే పెద్దదా, ఎవర్నడగాలి. పిడికిలి కణుపుతో పక్క గోడని తట్టాడు. డొక్క ఎండిన గొర్రెని తట్టినట్టు పలికింది. కాస్త పైన తట్టాడు, అదే మాట. బయట రేకు, లోపల చెక్కలాంటి అట్ట, మధ్యలో ఎండిన నురగ, దీన్ని గోడ అంటున్నారు, అమ్మేవాళ్ల రంగుల పుస్తకాల్లో దీని పక్కన పళ్లన్నీ కనిపించేలా నవ్వే మొగుడూ పెళ్లాన్ని నిలబెడుతున్నారు, వాళ్ల వెనక కొండ, కొండ మీద మంచు, మంచు మీద ఎండ, ఆ నవ్వేవాళ్లకి ఎప్పుడైనా ఈ గోడని తట్టాలనిపించిందా, తడితే ఆ నవ్వు ఉండునా. 

"మళ్లీ తడుతున్నావా?" బండి ముందు వైపు నుంచి హిల్కె గొంతు.

"లేదు."

"తట్టావు, వినిపించింది. లోపల ఎవరూ లేరయ్యా, ఎంత తట్టినా తలుపు తియ్యరు."

తియ్యరు, అదే కదా బాధ, లోపల ఉన్నదాన్ని ఎవడూ తీసి చూపించడు, పైపైన చూసుకో అంటాడు, దీపాలు వెలిగించి చూపిస్తాడు, మంచం కింద నీలం దీపం ఎందుకు, నీలం దీపానికి చెమ్మ ఆగుతుందా, అతుకుల్లో పూసిన జిగురు ఏ ఎండకి విడిపోతుందో నీలం దీపం చెబుతుందా. ఒన్నో బోర్లా తిరిగి, పరుపు మూల ఎత్తి, ముక్కు పెట్టి వాసన చూశాడు. కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప మరేం లేదు. అది ఇంకా కోపం తెప్పించింది, చెడ్డ వాసన వస్తే ఒక దారి దొరికేది, లేచి నిలబడి హిల్కె చూశావా అనేవాడు, అయిపోయేది, ఇప్పుడు ఏమనాలి, మంచి వాసనకి వంక పెట్టడం ఎట్లా. కాళ్లు చాపితే మడమలు బీరువాకి తగులుతున్నాయి, తగులుతున్నాయా లేక తనే తగిలించాడా, కొంచెం పైకి జరిగితే తగలవు, జరిగాడు, తగల్లేదు, మళ్లీ కిందికి జరిగాడు. బీరువా గడియ చూడు, బటన్ నొక్కితే బయటికొచ్చి, నొక్కితే లోపలికి పోయే ఈ ముక్క, ఇదే ముక్క ఓడచక్రం మార్కులో చూశాడు, ఇదే ముక్క కిరీటం మార్కులో చూశాడు, ఒకటే గడియ, ఒకటే బందులు, ముందు మొహం చూస్తే అన్నీ ఇటలీ నుంచి వచ్చే ఒకే వ్యాను మొహం, ఒకే తల్లి పిల్లలకి వేరే వేరే ఇంటిపేర్లు పెట్టి సంతలో నిలబెట్టినట్టు, ఇందులో నాణ్యమైనది ఏదో ఏరుకోమంటే ఏం ఏరుకోవాలి, మొహం చూసి ఏరుకోవాలా ఇంటిపేరు చూసి ఏరుకోవాలా.

కిరీటం, కిరీటం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు హిల్కె తమ్ముడు వియార్డ్. వాడిది కిరీటం మార్కు బండి. ఈ ఇంటిబండి జనం ఉన్నారే, రోడ్డు మీద ఎదురుపడితే ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటారు, కానీ కిరీటం వాళ్లు కొంగ వాళ్లకి ఊపరట, వేళ్లు మాత్రం స్టీరింగు మీంచి కాస్త లేపుతారట, అది కూడా ఎండ కాస్తే. వియార్డ్ బండిలో ఒక మూల, దీపం కింద, ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. అందులో టప్ మని చుక్క పడుతుంది. "అది చెమ్మ కాదు బావా, మనిషి ఊపిరి. మంచి బండి ఊపిరిని లోపల దాచుకోదు, ఇట్లా బయటపెట్టేస్తుంది. నాసిరకం బండికి ఆ తెలివి ఉండదు" అన్నాడు, కళ్లార్పకుండా, గిన్నె ఖాళీ చేస్తూ. ఆ మొహం తలుచుకుంటే ఇప్పుడు కూడా నవ్వు రావాలి గాని రావడం లేదు, ఎందుకంటే వాడు ఆ గిన్నెతో సహా అన్ని దేశాలూ తిరిగొచ్చాడు, గిన్నె లేని తను కరకట్ట దాటలేదు. పైగా రేవులో పొగచేపలు అమ్మే ముసలాడు చెప్పిందేంటి, వాడి మేనల్లుడు పనిచేసే షెడ్డులో పొద్దుటి జట్టు కిరీటాలు అతికిస్తుందట, సాయంత్రం జట్టు అదే బళ్ల మీద కొంగలు అతికిస్తుందట, మధ్యలో ఎవడో నిద్రమత్తులో కొంగ తల మీద కిరీటం అతికించేస్తే ఆ బండిని పోటీలు పడి కొన్నారట. అబద్ధమే అయ్యుండొచ్చు, ఆ ముసలాడు తన చేపలు కూడా వాటంతటవే పొగలోకి దూకాయంటాడు, అయినా అబద్ధమని ఎట్లా తేల్చడం, తట్టి చూస్తే తేలుతుందా. ఇక డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన ఆ పెద్ద ఇంటిబళ్ల సంత, తలుచుకోకూడదనుకుంటే అదే వస్తుంది, హాలు నిండా తలుపులు, రోజంతా జనం తీయడం వేయడం, ధడ్, ఠప్, డుబ్, వియార్డ్ మెడలో మఫ్లర్ ఊడదీసి ఒన్నో కళ్లకి కట్టి, చెప్పు బావా చూద్దాం నీ చెవి పస అన్నాడు, చుట్టూ జనం చేరారు, ఒన్నో తల పక్కకి వంచి విన్నాడు, ఇది రేకు, ఇది అట్ట, ఇది దండగ, అంతలో కుడిపక్క నుంచి గంభీరంగా, ఖజానా తలుపు మూసినట్టు, ఊపిరి లోపలికి లాక్కుని మూసుకున్న చప్పుడు ఒకటి వినిపించి ఒళ్లు పులకరించింది. "ఇదీ! ఇదీ బండంటే! ఇది కిరీటం కాకపోతే నా చెవి కోసుకో!" అన్నాడు. మఫ్లర్ విప్పేసరికి ఎదురుగా ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు. అందులోంచి బయటికి రాబోయిన ఒకావిడ ఇంతమంది మగాళ్లు తనవైపే చూస్తుంటే హడలిపోయి మళ్లీ లోపలికి పోయి వేసుకుంది, అదే చప్పుడు, అంతే గంభీరంగా. మొదట్లో నేను ఒన్నో చెవి గురించి ఒక గొప్ప చెప్పాను చూడండి, దాన్ని ఇక్కడ దించేస్తున్నాను, మోయడం కష్టంగా ఉంది.

ముందు వైపు స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. "దిగిరా, మొదటి కప్పు" అంది హిల్కె. ఒన్నో మంచం దిగి, నడుం వంచి, తలకి ఏమీ తగలకుండా నడిచొచ్చి, ఏమీ తగల్లేదన్న నిరాశతో బల్ల దగ్గర కూచున్నాడు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన పల్చటి పింగాణీ కప్పులు, గులాబీ బొమ్మవి. ఏ ఇల్లయినా అందులో టీ తాగకుండా ఎట్లా ఉందో ఎట్లా చెబుతాం అంటుంది హిల్కె, ఇది బండే ఒసే అంటే బండైనా అంతే అంటుంది. కప్పులో కలకండ బిళ్ల వేసింది, దాని మీద వేడి టీ పోసింది, చిటపటమంది, చెంచా అంచున మీగడ జారవిడిచింది. మీగడని కలపకూడదు, మునిగి తేలి మబ్బులా విచ్చుకోవాలి. ఇద్దరూ తలలు వంచి చూశారు. మబ్బు లేచింది, విచ్చుకుంది, ఎడమ వైపుకి జరిగింది.

"చూశావా!" ఒన్నో గొంతులో ఆ రోజుకి మొదటిసారి ప్రాణం వచ్చింది. "మీగడ ఎడమకి పోయింది. నేల వాలుగా ఉంది. మన దేశంలో ఎక్కడా వాలు లేదు. సోమవారం బయల్దేరిన చుట్టం గురువారం దాకా కనిపిస్తూనే వస్తాడు, అంత చదునిది. అంటే వంకర బండిలోనే ఉంది."

"నేను ఎడమ చేత్తో వేశాను" అంది హిల్కె.

"అయినా సరే."

"సరే అయితే నువ్వు అటుపక్క కూచో, నీకు కుడికి పోతుంది."

ఈ మనిషితో అంతే, కొలిచి చూపిస్తే కుర్చీ మార్చుకోమంటుంది. బల్ల కింద సొరుగు లాగాడు, ఖాళీగా ఉంది, మళ్లీ తోశాడు, మూసుకోలేదు, గట్టిగా తోశాడు, మూసుకున్నట్టే మూసుకుని తాపీగా నాలుక బయటపెట్టింది. ఇది చాలదా, కొత్త బండి, కొంగ మార్కు, ఊళ్లో అందరూ బాగుంటుందన్న బండి, సొరుగు మూసుకోదు, ఎవరైనా ఇంతకంటే ఏం రుజువు కావాలి అంటారు, అనొచ్చు, ఇప్పుడే అనేసి లేవొచ్చు, తామ్మో వచ్చేదాకా ఆగక్కర్లేదు. కానీ నోరు తెరవబోతే ఎక్కణ్ణుంచి వచ్చిందో పాత ఫెర్రీ గ్రేటె గుర్తొచ్చింది. గ్రేటె పుట్టిన రోజు నుంచే కారేది. పొద్దున్నే పంపుతో నీళ్లు తోడకుండా మోకు విప్పిన రోజు లేదు. దాని చిమ్నీ ఒకపక్కకి వాలి ఉండేది, గాలి అటునుంచి వీస్తే నిటారుగా కనిపించేది. అది తన ఉద్యోగమంతా నడిచింది, ఒక్క పెళ్లివారిని గాని ఒక్క శవాన్ని గాని ఆలస్యం చెయ్యలేదు, దాన్ని చంపలేక చివరికి సెలవిచ్చారు. దాని బదులు వచ్చిన కొత్త ఫెర్రీ, పెద్ద పేరున్న రేవులో కట్టింది, తలుపులు ఖజానా తలుపుల్లా మూసుకునేవి, మొదటి చలికాలమే బురదలో కూరుకుపోయి కదలనంది, తలుపులు మాత్రం అప్పుడూ గంభీరంగానే మూసుకున్నాయి. ఇదంతా కళ్లారా చూసినవాడు, మోకు పట్టి చూసినవాడు, తనకి తెలియకపోతే ఎవరికి తెలియాలి, తెలిసీ ఏం లాభం, తెలిసింది చేతికి రాదు, గోడ కనిపిస్తే కణుపు దానంతటదే లేస్తుంది. ఎన్నేళ్లు తిరిగాడు, ఆ దారంతా కలిపి చుడితే భూమిని నూలుకండెలా చుట్టేయొచ్చు, కానీ ఇంటి పొగగొట్టం కనుమరుగయ్యేంత దూరం ఒక్కనాడూ పోలేదు. వెళ్లిన గంటకి ఈ రేవులోనే తిరిగి మోకు విసరాలి. ఈ బండికి తిరిగొచ్చే వేళ ఏది, సముద్రపు పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో ఏ గోడ మీద రాసి పెడతారు, ఎటు పోయినా సరే అని చేతిలో తాళం పెడితే మనిషి ఏ మోకు పట్టుకుని నిలబడాలి.

"రెండో కప్పు" అంది హిల్కె, పోస్తూ.

మా దగ్గర మూడు కప్పులు చట్టం. చాలు అని నోటితో ఎవరూ అనరు, చెంచా తీసి ఖాళీ కప్పులో నిలబెడితే చాలు అని అర్థం. సాసర్లో ఉంచితే పోస్తూనే ఉంటారు. దక్షిణాది నుంచి వచ్చిన బడిపంతులొకాయన ఈ సంగతి తెలియక చెంచా సాసర్లో పెట్టుకుని కూచుని, పోసినకొద్దీ మర్యాద కోసం తాగి, చీకటి పడ్డాక ఇంటికి నడిచిపోతుంటే ఆయన కడుపులో పోటెత్తిన చప్పుడు రేవు దాకా వినపడి, వేళయిందనుకుని గ్రేటె మోకు విప్పేశారు. అది సరే. మూడోది తాగకుండా రెండో కప్పుకే చెంచా వేశారంటే మాత్రం అది చిన్న విషయం కాదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతుండగా లేచి వెళ్లిపోవడం అది. పెళ్లి సంబంధాలు ఆ చెంచాతోనే తెగిపోయాయి.

"ఇవాళైనా మూడూ తాగుతావా?" అంది హిల్కె. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం కప్పులో ఉన్నాయి.

"ఎందుకు తాగను?"

"ఆ రోజు తాగలేదుగా."

"ఏ రోజు?"

"నువ్వు పడవ దిగేసి ఇంట్లో కూచున్న మొదటి వసంతం. బల్ల మీద పటం పరిచాను. కొండలు గోధుమ రంగులో ఉంటాయే, ఆ పటం. పోదామా అని అడిగాను. నువ్వు రెండో కప్పులో చెంచా వేశావు."

బయట వాన ఒక్కసారి పెద్దదయింది, లేక చెవే పెద్దదయిందో. పటం, గోధుమ రంగు, ఔను, మడతల దగ్గర చిరిగిన పటం, ఉప్పుగిన్నె ఒక మూల పెట్టి ఎగరకుండా పట్టుకుంది, ఏదో అడిగింది, తను వినలేదు, ఎందుకు వినలేదు, కడుపు, ఆ రోజు కడుపులో మంట, రేవులో ముసలాడి దగ్గర పొగబెట్టిన పాములాంటి ఈల్ చేప తిన్నాడు, తినకూడదని డాక్టరు చెప్పాక కూడా నిలబడి వేళ్లు నాక్కుంటూ తిన్నాడు, ఇంటికొచ్చి వేడి టీ గొంతులో పడగానే గుండెల్లో నిప్పు పోసినట్టయింది, ఇంకో కప్పు తాగితే చచ్చిపోతాననిపించింది, కడుపు నొప్పి అంటే ఏం తిన్నావు అంటుంది, చేప అంటే ఇల్లు ఎగిరిపోతుంది, అందుకని నోరు మూసుకుని చెంచా వేశాడు. ఇంతే. ఇంతేనా. ఆమె పటం మడిచింది, గుర్తుంది, చిరిగిన చోట వేలితో నొక్కి నెమ్మదిగా మడిచింది, అమ్మయ్య మూడో కప్పు పొయ్యలేదు బతికాను అనుకున్నాడు తను, ఆ మడతలో ఏం పెట్టి మడిచిందో చూడలేదు. ఆ తర్వాత ఎన్నాళ్లు కొండ మాటే ఎత్తలేదు, మోజు తీరిందేమో అనుకున్నాడు, ఆడవాళ్ల మోజులు అని వియార్డ్‌తో అని నవ్వాడు కూడా. మొన్న చలికాలం హిల్కె అక్క ఫ్రౌకె వచ్చి, పోదాం రావే, మీ ఆయన గట్టు దిగడు అని దెప్పితే, ఆ మాట గుచ్చుకుని, ఎందుకు దిగను, బండే కొంటాం అని తనే అన్నాడు. అప్పట్నుంచీ తట్టాడు, వాసన చూశాడు, వంగి కింద చూశాడు, ఆమెని తడిసే చోట పడుకోబెట్టకూడదని, మధ్యదారిలో ఆగిపోయే బండి ఎక్కించకూడదని, ఇదంతా ఆమె కోసమే అనుకున్నాడు, ఆమె పక్కన నిలబడి చూస్తూ ఏమనుకుంది, తను ఒక్కో బండిలోనూ చెంచా వేస్తున్నాడనుకుంది, ఓడచక్రంలో ఒక చెంచా, కిరీటంలో ఒక చెంచా, కాదు కాదు కాదు అని. అబద్ధమా అది. పూర్తిగా అబద్ధమా. పరుపు కింద చెడ్డ వాసన రానందుకు కోపం వచ్చింది ఎవరికి.

"చేప" అన్నాడు ఒన్నో.

"ఏంటి?"

"ఈల్ చేప తిన్నాను. ఆ రోజు. కడుపు మండింది. అందుకు వేశాను. నువ్వు అడిగింది నాకు వినపడనే లేదు."

హిల్కె టీ కూజా పైకెత్తింది. కోపం వస్తుందో నవ్వు వస్తుందో ఆమెకే తెలియలేదు, మొహం రెంటికీ సిద్ధపడి ఆగింది. "డాక్టరు వద్దన్న చేప."

"అదే."

"చేప కోసం నా కొండ మింగావా?"

"మింగాను."

"నిలబడి తిన్నావా కూచుని తిన్నావా?"

"నిలబడి."

"ఆ ముసలాడు ఎప్పుడూ తోక ముక్కే ఇస్తాడు. తోక ముక్కకి ఇన్నాళ్లు!" కూజా బల్ల మీద పెట్టింది. మూత గలగలమంది. "నేనేమో ఈ మనిషికి నాతో రావడం ఇష్టం లేదనుకున్నాను. సరే, మనిషి ఇష్టాన్ని ఏం చేస్తాం అని పటం బీరువా కింద తోసేశాను. ఒక్క మాట, కడుపు నొప్పి అని ఒక్క మాట అనుంటే ఏం పోయేది నీకు?"

ఏం పోయేది, తిట్లు పడేవి, తిట్లు పోయి కొండ వచ్చేది. ఆమె ఇన్నేళ్లు రొట్టెల దుకాణం పనికి చీకటితోనే లేచింది, సూర్యుడు ఎప్పుడూ పొయ్యి గోడకి అవతలే ఉదయించాడు, కొండ మీద తెల్లవారడం పడక మీంచే చూడాలి అని కొత్తగా పెళ్లయినప్పుడు ఒకసారి అంది, అప్పుడు తను, కొండకి నా పడవ పోదు అని నవ్వాడు. ఒన్నో వెనక్కి తిరిగి మంచం వైపు చూశాడు. తల పెట్టే చోట, గోడ వైపు, ఒక చిన్న కిటికీ ఉంది. ఇందాక దాని గడియ లాగి చూశాడు, రబ్బరు గిల్లి చూశాడు, అంచు వాసన చూశాడు, అందులోంచి మాత్రం చూడలేదు. ఇప్పుడు ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. అవతల ఏమీ లేదు, తామ్మో దొడ్డి గోడ, దాని మీద కారుతున్న వాన, గోడ మీద ఎవరో పెట్టి మరిచిపోయిన కుండీ.

"మరి ఫ్రౌకెతో పోతానన్నావుగా, పోవచ్చుగా హాయిగా" అన్నాడు, ఆ కిటికీనే చూస్తూ.

"ఫ్రౌకె గురక పెడుతుంది."

"నేను పెట్టనా?"

"నీది పడవ ఇంజను. అది ఆగితేనే నాకు మెలకువ వస్తుంది." మూడో కప్పులో కలకండ వేసింది. కలకండ కప్పు అంచుకి తగిలి మోగింది. "ఇదే ఆఖరిది. తాగు. నీ మాటలు నాకొద్దు, మాటల్లో నువ్వు తప్పించుకుంటావు. చెంచా చూస్తాను."

బయట కారు వచ్చి ఆగిన చప్పుడయింది, తలుపు పడింది, ధబ్, ఏ మార్కో, ఏదైనా కానీ. తామ్మో గొడుగు విప్పుతున్నాడు, తోడొచ్చిన ఎవరితోనో మాట్లాడుతున్నాడు, కొంగ బండి చూడ్డానికి బ్రెమెన్ నుంచి దంపతులు వస్తారని పొద్దున్నే అన్నాడు, అమ్మేవాడి ఎత్తు అనుకున్నాడు ఒన్నో, ఎత్తో నిజమో ఇప్పుడు వాళ్ల బూట్లు నీళ్లల్లో చప్పుడు చేస్తున్నాయి. టీ వేడిగా ఉంది. మబ్బు ఈసారీ ఎడమకే పోయింది, పోనీ, అటుపక్కే పోనీ, అటుపక్క ఏముందో, గోడ తడితే డొల్ల చప్పుడే వస్తుంది, వస్తుంది, గ్రేటెని తడితే ఏం వచ్చేది, ఎవడు తట్టాడు దాన్ని, ఎక్కారు పోయారు వచ్చారు, కారుతుంది, తప్పకుండా ఎక్కడో కారుతుంది, గిన్నె పెట్టుకుంటాం, గులాబీ కప్పే పెడుతుంది ఈ మనిషి, కొండ ఎక్కే దారిలో ఇంజను మూలుగుతుంది, మూలగనీ, మోకు ఎవరు పట్టుకుంటారు, ఎవరూ పట్టుకోరు, చుట్టి లోపల పడేస్తాం. గుటక వేశాడు, మంట లేదు, ఇంకో గుటక. అడుగున కరగని కలకండ ముక్క ఒకటి మిగిలింది, దాన్ని నాలుకతో అందుకుని నమిలాడు. చెంచా సాసర్లో ఉంది. హిల్కె దాన్నే చూస్తోంది, కిటికీ వైపు తిరిగినట్టు నటిస్తూ. ఒన్నో చెంచా తీసుకున్నాడు. కప్పు మీదికి చెయ్యి పోయింది, అలవాటు, ఇన్నేళ్ల అలవాటు దానంతటదే పోయింది, అక్కడ ఆగింది. కప్పులో వెయ్యలేదు. సాసర్లో పెట్టలేదు. చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచాడు. సొరుగు లాగి, ఖాళీగా ఉన్న గదుల్లో చెంచాల గది ఏదో చూసుకుని, అందులో పడుకోబెట్టి, సొరుగు తోశాడు. ఒక్క తోపుకే, బుద్ధిగా, చప్పుడు లేకుండా మూసుకుంది.

తలుపు మీద తామ్మో తట్టాడు. "ఏం కెప్టెన్ గారూ, ఎట్లా ఉంది పరుపు?"

"ఉండవయ్యా, మా ఆవిడ కప్పులు సర్దుతోంది" అని అరిచాడు ఒన్నో. "మా ఇంట్లోకి వచ్చేప్పుడు బూట్లు విప్పి రా."

ఇదీ జరిగింది. వాన నిజం, చేప నిజం, తోక ముక్క నిజం, బ్రెమెన్ దంపతులు తడిసి ముద్దయి నిలబడిన మాటా నిజం. మరుగుదొడ్డి తలుపు కూడా నిజమే, ఆ హాలులో నేనూ ఉన్నాను, నా మఫ్లర్ వియార్డ్ అరువు తీసుకున్నాడు. నేను కల్పించింది ఒక్కటే, ఆ సొరుగు. అది ఆ రోజు మూసుకోలేదు. మూడుసార్లు తోసినా మూసుకోలేదు, ఒన్నో తుంటితో పొడిచినా మూసుకోలేదు. కథ చక్కగా ముగియాలని నేనే మూశాను. ఇప్పటికీ మూసుకోదు. కొండదారిలో మలుపు వచ్చినప్పుడల్లా దానంతటది బయటికొస్తుంది, అందులో ఆ చెంచా గలగలమంటుంది. ఒన్నో బండి ఆపి, దిగి, ఈ కొంగ మార్కు తయారుచేసినవాణ్ణి, వాడి తండ్రినీ, అతికించిన సాయంత్రం జట్టునీ కలిపి తిడతాడు. హిల్కె మాత్రం కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంటుందట, "తిట్టకులే, ఆ చెంచా ఇంకా చాలలేదంటోంది, పోనీ ముందుకి."